మూలుగ లేని చేపకు రక్ష ఏది?

చేపను కోసి శుభ్రం చేయడం తెలిసినవారికి ఒక దృశ్యం సుపరిచితమే. పొట్ట చీల్చి, పేగులు తీసి, గాలితిత్తిని తొలగించిన తరువాత వెన్నెముకకు అంటుకొని నల్లెరుపు రంగులో ఒక మెత్తని పట్టీ కనబడుతుంది. గడ్డకట్టిన నెత్తురు కాబోలుననుకొని, నీచు తగ్గుతుందని దానిని చాకుమొనతో గీకి కడిగివేస్తాము. నిజానికి అది గడ్డకట్టిన నెత్తురు కాదు. నెత్తురును పుట్టించే అవయవం. చేప మూత్రపిండం అదే. అందులో తలవైపున ఉన్న భాగం మూత్రాన్ని వడగట్టే పనిని విడిచిపెట్టి, రోగాలతో పోరాడే కణాలను తయారుచేసే పనికి పూనుకొన్నది.

మనిషికి ఆ పని చేసిపెట్టేది ఎముకలలోని మూలుగ. చేపకు ఎముకలున్నవి గాని, వాటిలో రక్తాన్ని పుట్టించే మూలుగ లేదు. జ్వరం వచ్చినప్పుడు మనకు మెడ క్రింద, చంకలలో, గజ్జలలో బిళ్ళ కట్టే లింఫు గ్రంథులు కూడా దానికి లేవు. అయినా చేప బ్రతికేది నీటిలో. సముద్రపు నీరు ఒక్క మిల్లీలీటరులో సుమారు పది లక్షల బాక్టీరియాలు, వాటికి పదింతల వైరసులు ఉంటాయి. ఆ నీటిని క్షణక్షణం నోటితో తీసుకొని, అతి పలుచని మొప్పల మీదుగా బయటికి పంపుతూ చేప కాలం గడుపుతుంది. అటువంటి జీవి బ్రతికి బట్టకట్టడమే కాదు, 35 వేలకు పైగా జాతులుగా విస్తరించింది. వెన్నెముక గల జంతుజాతులలో దాదాపు సగం చేపలే.

దాని రక్షణ వ్యవస్థ ఎక్కడ ఉన్నది, ఎలా పనిచేస్తుంది అన్న ప్రశ్న కేవలం కుతూహలం కొద్దీ అడిగేది కాదు. 2022లో ప్రపంచ జలచరాల ఉత్పత్తిలో పెంపకం వాటా తొలిసారిగా వేట వాటాను మించినదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రకటించింది. కిక్కిరిసిన చెరువులలో, వలపంజరాలలో పెరిగే చేపకు రోగం వస్తే రైతు చేతికి ముందుగా అందేది యాంటీబయాటిక్ మందు. ఆ మందు నీటిలో కలిసి, మందుకు లొంగని బాక్టీరియాలను పెంచి, చివరకు మనుషుల వైద్యానికే ముప్పు తెస్తుంది. ఆ మందు అవసరం లేకుండా చేయాలంటే చేప తనను తాను ఎలా కాపాడుకొంటున్నదో ముందు తెలియాలి.

కోడి నేర్పిన పాఠం

రక్షకాంగాలను గూర్చిన మన జ్ఞానమంతా చాలా ఇటీవలిది. థైమస్ గ్రంథి దేనికి ఉపయోగపడుతుందో 1961 వరకు ఎవరికీ తెలియదు. ఆ సంవత్సరం లండనులో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల థైమస్‌ను తొలగించి చూశాడు. అవి రోగాలను తట్టుకోలేకపోయాయి. ఇతర ఎలుకల చర్మాన్ని అతికించినా తిరస్కరించలేకపోయాయి. ఛాతీలో పనిలేక పడి ఉన్నదనుకొన్న ఆ గ్రంథి లింఫోసైట్లు అనే తెల్లకణాలకు శిక్షణ ఇచ్చే పాఠశాల అని తేలింది. అక్కడ తయారైన కణాలను టి-కణాలు అంటారు.

ప్రతిరక్షకాలను, అంటే రోగక్రిమికి అతుక్కొని దానిని నిర్వీర్యం చేసే ప్రోటీనులను, తయారుచేసే కణాలు వేరు. వాటి జాడ కోళ్ళలో దొరికింది. పక్షుల మలద్వారం వద్ద ఉండే ఒక చిన్న సంచిని ఇటలీలోని పాడువా నగరపు శరీరశాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ నాలుగు శతాబ్దాల క్రిందట వర్ణించాడు. ఆ సంచిని కోడిపిల్లల నుండి తొలగిస్తే వాటిలో ప్రతిరక్షకాలు సరిగా పుట్టవని 1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్, అతని సహచరులు నిరూపించారు. ఆ సంచి పేరు బర్సా. ఆ పేరులోని తొలి అక్షరమే నేటి బి-కణాలకు పేరైంది.

ఇందులో ఒక పాఠం ఉన్నది. కోడికి బర్సాలో జరిగే పని మనిషికి మూలుగలో జరుగుతుంది. పని ఒకటే, చోటు వేరు. కాబట్టి ఎలుకలో కనుగొన్నదానిని తీసుకొని పోయి చేపలో అదే చోట వెదికితే దొరకదు. పనిని బట్టి అవయవాన్ని గుర్తించాలి గాని, ఆకారాన్ని బట్టి, ఉనికిని బట్టి కాదు. సొరచేపలనే చూడండి. వాటికి మూలుగా లేదు, తలవైపు మూత్రపిండంలో ఈ ఏర్పాటూ లేదు. తెల్లకణాలు పుట్టే కణజాలం వాటికి అన్నవాహిక గోడలోను, బీజకోశాలను ఆనుకొని ఉన్న మరొక అవయవంలోను ఉంటుంది.

నాలుగు కావలి స్థలాలు

శీలావతి, బొచ్చె, సాల్మన్ వంటి ఎముకల చేపలలో రక్షణ కార్యం ముఖ్యంగా నాలుగు చోట్ల జరుగుతుంది.

మొదటిది మనం చెప్పుకొన్న తలవైపు మూత్రపిండం. దీనిని శిరోవృక్కం అందాం. ఎర్రకణాలు, తెల్లకణాలు ఇక్కడ పుడతాయి. బి-కణాలు ఇక్కడే పెరుగుతాయి. ప్రతిరక్షకాలను స్రవించే కణాలు చాలాకాలం ఇక్కడే నివాసముంటాయి. అంటే మనిషిలో మూలుగ చేసే పనితోపాటు లింఫు గ్రంథులు చేసే పనిలో కొంత కూడా దీని పాలబడింది.

రెండవది థైమస్. ఇది చేపలో ఛాతీలో ఉండదు. మొప్పల మూత లోపలి వైపు, పైభాగాన, రెండు ప్రక్కలా చెరొకటి ఉంటుంది. బయటి నీటికీ దీనికీ మధ్య అడ్డుగా ఉండేది పలుచని పొర మాత్రమే. చాలా చేపలలో, పిల్ల గ్రుడ్డులోనుండి వెలువడే రోజులలో, లింఫోసైట్లు మొట్టమొదట కనబడే చోటు ఇదే.

మూడవది ప్లీహం. ముదురు ఎరుపు రంగులో, జీర్ణాశయం చెంత ఉండే ఈ అవయవం రక్తాన్ని వడగడుతుంది. ఇందులోని సూక్ష్మ రక్తనాళాల చుట్టూ భక్షక కణాలు ఒరలాగా అమరి ఉండి, రక్తంలో కొట్టుకొచ్చే క్రిములను పట్టి ఉంచుతాయి. ప్లీహంలోను, మూత్రపిండంలోను నల్లని వర్ణకాన్ని మోసే భక్షక కణాల గుంపులు కూడా ఉంటాయి. కలుషితమైన నీటిలో పెరిగిన చేపలలో ఈ నల్లని గుంపుల సంఖ్య, పరిమాణం తరచుగా పెరుగుతాయి. అందుచేత నదుల, తీరప్రాంతాల కాలుష్యాన్ని అంచనా కట్టడానికి శాస్త్రజ్ఞులు వీటిని సూక్ష్మదర్శినిలో లెక్కిస్తుంటారు.

నాలుగవది ఒక అవయవం కాదు, ఒక సరిహద్దు: చర్మం, మొప్పలు, పేగు. చేపను చేతపట్టినప్పుడు జారిపోయేటట్లు చేసే జిగురు ఈ సరిహద్దుకు కంచె. అందులో క్రిములను చంపే ఎంజైములు, చిన్న ప్రోటీనులు, ప్రతిరక్షకాలు ఉంటాయి. గరుకు వలలో లాగినప్పుడు, చేతులతో మొరటుగా పట్టినప్పుడు ఈ జిగురు తొలగిపోతుంది. వలపట్టు జరిగిన కొద్ది రోజులకు చెరువులో పుండ్ల రోగం కనబడటానికి ఇది ఒక కారణం.

మూత్రపిండమే ఎందుకు?

రక్తాన్ని పుట్టించే మూలకణాలు చేపలో మూత్రపిండాన్నే ఎందుకు ఆశ్రయించాయన్న ప్రశ్నకు బోస్టన్‌లో లియొనార్డ్ జాన్ ప్రయోగశాల నుండి 2018లో ఒక చక్కని సమాధానం వెలువడింది. జీబ్రా చేప మూత్రపిండం మీద నల్లని వర్ణకణాలు గొడుగు పట్టినట్లు పరచుకొని ఉంటాయి. పైనుండి వచ్చే సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు మూలకణాలలోని జన్యుపదార్థాన్ని దెబ్బతీయకుండా ఆ గొడుగు కాపాడుతుంది. వర్ణకణాలు లేని చేపలకు ఆ కిరణాలు సోకినప్పుడు మూలకణాలకు ఎక్కువ హాని జరిగింది. నేలమీద నడిచే జంతువులలో ఆ మూలకణాలు ఎముకల లోపలికి చేరాయి. ఎండనుండి రక్షణ పొందడం కూడా ఆ మార్పుకు ఒక కారణమై ఉండవచ్చునని ఆ పరిశోధకులు సూచించారు.

చూడటం ఎలా నేర్చుకొన్నారు?

చేపల రక్షకాంగాలను పరిశీలించడానికి తొలి సాధనాలు చాకు, మైనం, రంగు, సూక్ష్మదర్శిని. అవయవాన్ని మైనంలో పొదిగి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది చూసేవారు. ఆకారం తెలిసేది గాని పని తెలిసేది కాదు. పని తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయం పన్నారు. నల్లని సిరాలోని బొగ్గు నలుసులను చేప శరీరంలోనికి ఎక్కించి, కొన్ని గంటలకో, రోజులకో అవయవాలను కోసి చూశారు. నలుపు ఎక్కడ చేరితే అక్కడ భక్షక కణాలు కాపు కాస్తున్నాయన్నమాట. ప్లీహం, మూత్రపిండం నల్లబడ్డాయి.

తరువాతి చిక్కు గుర్తుపట్టడం. సూక్ష్మదర్శినిలో టి-కణమూ, బి-కణమూ ఒకేలాగ ఉంటాయి. వాటి ఉపరితలం మీది ప్రోటీనులకు అతుక్కొనే ప్రత్యేక ప్రతిరక్షకాలతో వాటిని వేరు చేస్తారు. ఎలుకకు, మనిషికి అటువంటివి వేలకొద్దీ అంగడిలో దొరుకుతాయి. చేపకు చాలా కొద్ది. పైగా ఒక జాతి చేపకు తయారుచేసినది మరొక జాతికి పనికిరాకపోవచ్చు. ఈ కొరత చేపల రక్షణశాస్త్రాన్ని దశాబ్దాలపాటు వెనుకకు లాగింది. జన్యువులను నేరుగా చదివే పద్ధతులు వచ్చిన తరువాతనే ఆ బంధం సడలింది. ఇప్పుడు ఒక్కొక్క కణంలో ఏ జన్యువులు మేల్కొని ఉన్నాయో విడివిడిగా చదివి, ఆ కణం ఏ తెగకు చెందినదో చెప్పగలుగుతున్నారు.

అన్నిటికన్న పెద్ద మలుపు తెచ్చినది మన దేశపు చిన్న చేప. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలపై 1822లో ప్రచురించిన గ్రంథంలో ఒడలంతా నీలిచారలు గల ఒక బుల్లి చేపను వర్ణించాడు. అదే జీబ్రా చేప. శీలావతికి, బొచ్చెకు దూరపు చుట్టం. అమెరికాలో ఓరెగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్ దీనిని జన్యుశాస్త్ర ప్రయోగాలకు తీర్చిదిద్ది, 1981లో తన ఫలితాలను లోకానికి తెలియజేశాడు. దీని సుగుణమేమంటే పిల్ల తొలి రోజులలో గాజులాగ పారదర్శకంగా ఉంటుంది.

పారదర్శకమైన జీవిలో కణాలు పోరాడటాన్ని కంటితో చూడవచ్చునన్న ఆలోచన పాతదే. 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ నక్షత్రచేప డింభకంలో ముల్లు గ్రుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. భక్షక కణాల సిద్ధాంతం అక్కడ పుట్టింది. 1908లో అతనికి నోబెల్ బహుమతిలో భాగం లభించింది. నేటి శాస్త్రజ్ఞులు ఒక రకం జెల్లీచేప నుండి గ్రహించిన ఆకుపచ్చ కాంతినిచ్చే ప్రోటీను జన్యువును జీబ్రా చేప లింఫోసైట్లలో చేర్చారు. బ్రతికి ఈదుతున్న పిల్లచేపలో థైమస్ రెండు చిన్న దీపాలుగా వెలుగుతుంది. కోయకుండా, చంపకుండా, అదే చేపను రోజుకు రోజు గమనించవచ్చు. 2003లో బోస్టన్ శాస్త్రజ్ఞులు ఇటువంటి చేపలలో టి-కణాల ల్యుకీమియాను కలిగించి, థైమస్‌లో మొదలైన ఆ క్యాన్సర్ శరీరమంతా వ్యాపించడాన్ని ప్రత్యక్షంగా చూశారు. పిల్లలకు వచ్చే ల్యుకీమియాను అర్థం చేసుకొనే ప్రయత్నంలో ఆ చేప ఈనాటికీ సహాయపడుతున్నది.

తలక్రిందులైన నమ్మకాలు

ఈ సాధనాలు చేతికి వచ్చిన తరువాత పాఠ్యపుస్తకాలలోని వాక్యాలు కొన్ని మార్చుకోవలసి వచ్చింది. బి-కణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయే గాని క్రిములను మ్రింగవని అనుకొనేవారు. చేపలలో అవి మ్రింగుతాయని 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని ఓరియోల్ సున్యర్ బృందం చూపింది. చేపలకు మాత్రమే ప్రత్యేకమైన ఒక ప్రతిరక్షకం 2005లో బయటపడింది. పేగు పొరను కాపాడటం దాని ప్రత్యేక వృత్తి అని 2010లో అదే బృందం నిరూపించింది. సాల్మన్ మొప్పలలో, ఎన్నో తరాల పరిశోధకుల కన్నుగప్పి ఉన్న ఒక లింఫు కణజాలాన్ని 2008లో నార్వే పశువైద్య శాస్త్రజ్ఞులు వర్ణించారు. మేలైన ప్రతిరక్షకాలను ఎంపిక చేసే కణసమూహాలు ఉష్ణరక్త జీవులకే పరిమితమన్న అభిప్రాయం 2023లో సడలింది. పరాన్నజీవి సోకిన ట్రౌట్ చేపల ప్లీహంలో అటువంటి కూర్పు కనబడింది.

అంతకన్న విచిత్రమైనవి రెండున్నాయి. అట్లాంటిక్ సముద్రపు కాడ్ చేప జన్యుసంపుటాన్ని 2011లో చదివినప్పుడు, బాక్టీరియా ఆనవాళ్ళను టి-కణాలకు చూపించే ఒక ముఖ్యమైన జన్యు విభాగం అందులో అసలే లేదని తేలింది. అది లేని మనిషి బాల్యంలోనే తీవ్రమైన రోగాలపాలవుతాడు. కాడ్ మాత్రం ఇతర జన్యువులను పెంచుకొని సముద్రంలో హాయిగా వర్ధిల్లింది. ఇక అగాధ సముద్రంలోని ఆంగ్లర్ చేపలలో కొన్ని జాతుల మగచేప ఆడచేప శరీరానికి శాశ్వతంగా అతుక్కొని, రక్తనాళాలతో సహా కలిసిపోతుంది. అన్య శరీరాన్ని ఆమె ఎందుకు తిరస్కరించదు? ప్రతిరక్షకాలకు, టి-కణాలకు అవసరమైన కీలక జన్యువులను ఆ జాతులు పోగొట్టుకొన్నాయని 2020లో జర్మనీలోని ఫ్రైబర్గ్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అవయవ మార్పిడి చేసే వైద్యులకు ఇది ఆలోచనను రేకెత్తించే విషయం.

ప్రయోగశాల నుండి చెరువు గట్టుకు

ఈ జ్ఞానం ఆహారోత్పత్తికి ఎలా ఉపకరించినదో చెప్పడానికి నార్వేను మించిన ఉదాహరణ లేదు. చేపకు టీకా వేయవచ్చునని కెనడాలో డఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1942లోనే చూపాడు. చంపిన బాక్టీరియాను మేతలో కలిపి పెట్టగా ట్రౌట్ చేపలు పుండ్ల రోగాన్ని తట్టుకొన్నాయి. యాంటీబయాటిక్ మందుల వెల్లువలో ఆ మాట మరుగున పడింది. 1987లో నార్వే సాల్మన్ రైతులు సుమారు 50 టన్నుల యాంటీబయాటిక్ మందులు వాడారు. తరువాత ప్రతి సాల్మన్ పిల్లకూ పొట్టలో టీకా వేసే పద్ధతి వచ్చింది. 2015 తరువాత చాలా సంవత్సరాలలో ఆ వాడకం ఒక టన్నుకన్న తక్కువ. ఈలోగా అక్కడి సాల్మన్ ఉత్పత్తి పది లక్షల టన్నులు దాటింది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ, కొల్లేటి పరిసరాలలో విస్తరించిన చెరువుల పుణ్యమా అని చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానాన ఉన్నది. అక్కడి శీలావతికి, బొచ్చెకు నార్వే పద్ధతి యథాతథంగా సరిపడదు. సాల్మన్ ఖరీదైన చేప. ఒక్కొక్కదానిని పట్టి సూది వేసినా గిట్టుబాటవుతుంది. కోట్ల సంఖ్యలో పిల్లలను వదిలి తక్కువ ధరకు అమ్మే చేపకు అది కుదరదు. టీకా మందు కలిపిన నీటిలో ముంచడమో, మేతలో పెట్టడమో దారి. అటువంటి టీకా ఫలించేది మొప్పలలో, చర్మంలో, పేగులో ఉన్న రక్షణ మీదనే. సరిహద్దు కణజాలాలను గూర్చి నేడు జరుగుతున్న పరిశోధన ఈ కారణం చేతనే మన డెల్టాకు విలువైనది. వేళ కూడా ముఖ్యమే. జీబ్రా చేపలో థైమస్ మూడవ రోజుకే ఏర్పడినా, టి-కణాలు, బి-కణాలు పూర్తిగా పనిలోకి రావడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతకు ముందు వేసిన టీకాను గుర్తుంచుకొనే శక్తి పిల్లచేపకు ఉండదు.

ఇంకొక మార్గం వంశాభివృద్ధి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి జలచర పరిశోధన సంస్థ నార్వే శాస్త్రజ్ఞుల సహకారంతో 1992లో చేపట్టిన ఎంపిక ఫలితంగా త్వరగా పెరిగే ‘జయంతి’ శీలావతి రూపొందింది. పుండ్లు, రక్తస్రావం కలిగించే ఏరోమోనాస్ బాక్టీరియాను తట్టుకొనే వంశాలను ఎంపిక చేసే కృషి కూడా అక్కడ జరిగింది. రొయ్య సంగతి వేరు. దానికి థైమస్ లేదు, లింఫోసైట్లు లేవు, ప్రతిరక్షకాలు లేవు. 1994 ప్రాంతాన తెల్లమచ్చల వైరస్ మన తీరంలోని రొయ్యల చెరువులను ఊడ్చివేసినప్పుడు చేపకు వేసినట్లు టీకా వేసి కాపాడే వీలు లేకపోయింది. రోగం లేని పిల్లను తెచ్చుకోవడం, నీటిని శుభ్రంగా ఉంచుకోవడమే దాని రక్ష.

చివరగా శిరోవృక్కం వద్దకే మరలి చూద్దాం. రక్షణ కణాలు పుట్టే ఆ మెత్తని పట్టీలోనే మరొక తెగ కణాలున్నాయి. మనిషికి మూత్రపిండాల పైన వేరుగా ఉండే అడ్రినల్ గ్రంథి పనిని చేపలో ఇవి చేస్తాయి. చేప బెదిరినా, ఊపిరాడక తల్లడిల్లినా కార్టిసాల్ అనే హార్మోనును స్రవిస్తాయి. ఆ హార్మోను కొద్దిసేపు ఉంటే మేలే. రోజుల తరబడి ఉంటే ప్రక్కనే ఉన్న రక్షణ కణాలను అణచివేస్తుంది. ఆందోళనకూ, రోగనిరోధానికీ మధ్య చేపలో గోడ కూడా లేదు.

తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచే దృశ్యం డెల్టా రైతుకు కొత్త కాదు. ఆ ఉదయం చావని చేప వారం తరువాత పుండ్లతో చస్తే, రోగం బయటినుండి వచ్చిందని అనుకొంటాం. క్రిమి అంతకు ముందునుండీ నీటిలోనే ఉన్నది. కాపలా సడలింది ఆ తెల్లవారుజామున. నీటిని ఆడించే యంత్రాన్ని వేళకు నడపడం, పిల్లలను మితంగా వదలడం, వలను నెమ్మదిగా లాగడం కేవలం పనివాడి నేర్పు కాదు, చేప రక్షకాంగాలకు నేరుగా చేసే వైద్యం. ఈ దేశపు జీబ్రా చేపల ప్రయోగశాలలలో చదువుకొంటున్న మన బిడ్డలలో కొందరైనా అక్కడ నేర్చినదానిని కొల్లేటి గట్టున శీలావతికి అన్వయించి చూస్తే, యాంటీబయాటిక్ డబ్బా రైతు చేతికి అందే మొదటి వస్తువు కాక చివరిది కావడానికి ఎంతో కాలం పట్టదు.